మేజోళ్లు లేని జెర్రీ
(సంఘం అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ అమెరికా రైతు ఒకాయన గురించి చెప్తాను. పేరు జెర్రీ సింప్సన్. 1842లో కెనడాలో పుట్టాడు. బడి చదువు అంతంతమాత్రం. మహా సరస్సుల మీద ఓడల్లో ఏళ్ల తరబడి పనిచేసి, కాన్సాస్ రాష్ట్రం వచ్చి సేద్యం, పశువుల పెంపకం మొదలుపెట్టాడు. ఒక గడ్డు చలికాలంలో మంద పోయింది. ఇల్లు గడవడానికి మెడిసిన్ లాడ్జ్ అనే చిన్న పట్నంలో మార్షల్‌గా, అంటే పోలీసు కొలువులో చేరాడు.

అది ఆయన ఒక్కడి గోడు కాదు. మొక్కజొన్న ధర ఎంత పడిపోయిందంటే, బొగ్గు కొనడం కన్నా కంకులు కాల్చుకోవడమే నయమని పొయ్యిలో పెట్టిన ఇళ్లున్నాయి. రైలు కిరాయి మాత్రం కంపెనీ చెప్పిందే. భూములేమో తనఖాలో. ఈ లెక్క మీకు నేను విడమర్చి చెప్పాలా?

రైతులు ఫార్మర్స్ అలయన్స్ పెట్టుకున్నారు. పంటను కళ్లంలోనే తెగనమ్ముకోకుండా ప్రభుత్వ గోదాములో పెట్టి, విలువలో 80 శాతం దాకా తక్కువ వడ్డీకి అప్పు ఇవ్వాలని 1889లోనే అడిగారు. 1890 ఎన్నికల్లో జెర్రీని పార్లమెంటుకు నిలబెట్టారు. ప్రత్యర్థి హాలోవెల్ దర్జా మనిషి. ఆయన పట్టు మేజోళ్లను జెర్రీ సభల్లో ఎగతాళి చేస్తే, జెర్రీకి అసలు మేజోళ్లే లేవని పత్రికలవాళ్లు రాశారు. రైతులకు ఆ తిట్టే ముద్దుపేరైంది. జెర్రీ గెలిచాడు. కాన్సాస్‌లోని ఏడు సీట్లలో ఐదు రైతుల పార్టీకే వచ్చాయి.

1894లో ఓడాడు. 1896లో రైతుల పీపుల్స్ పార్టీ, డెమొక్రాట్ల అభ్యర్థి బ్రయాన్‌నే తన అధ్యక్ష అభ్యర్థిగా నిలుపుకుంది. వెండి నాణేల నినాదం ముందుకొచ్చింది, గోదాముల మాట వెనకబడింది. జెర్రీ కూడా పొత్తు పక్షమే. సీటు మళ్లీ దక్కింది, పార్టీ మాత్రం కరిగిపోయింది. ఆ బేరం తప్పని నా అభిప్రాయం. పొత్తు లేకుండా గెలిచేవారా అని మీరు అడగొచ్చు, అదీ సబబైన ప్రశ్నే.

1898లో మళ్లీ ఓడి, 1905లో విచిటాలో కన్నుమూశాడు. సెనేటర్లను ప్రజలే నేరుగా ఎన్నుకోవాలనీ, ఎక్కువ ఆదాయం ఉన్నవాడు ఎక్కువ పన్ను కట్టాలనీ ఆ పార్టీ 1892లో ఒమాహా సభలో అడిగింది. ఆ రెండింటికీ దారిచ్చిన రాజ్యాంగ సవరణలు 1913లో వచ్చాయి. అప్పటికి జెర్రీ పోయి ఎనిమిదేళ్లు.