విమానాల ఫిట్టర్ సామ్ కింగ్
(సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేనుండే లండన్‌కు మనకంటే చాలా ముందు వచ్చిన ఒక పనిమంతుడి గురించి నాలుగు మాటలు చెబుతాను. ఆయన తెలుగువారు కారు, జమైకా దేశస్థులు. పేరు సామ్ కింగ్.

ఆయన 1926లో రైతు కుటుంబంలో పుట్టారు. 1944లో పత్రికలో ప్రకటన చూసి బ్రిటిష్ వాయుసేనలో చేరారు. కెంట్‌లోని హాకింజ్ విమాన కేంద్రంలో ఫిట్టర్‌గా పనిచేశారు. యుద్ధ కథల్లో మనం పైలట్ల పేర్లే వింటాం. కానీ కింద ఫిట్టర్ సరిచూడనిదే ఏ విమానమూ పైకి లేవదు కదా!

యుద్ధం ముగిశాక 1947లో ఇంటికి వెళ్ళారు. అక్కడ బతుకుతెరువు కనిపించలేదు. మళ్ళీ ఇంగ్లండు రావాలంటే ఎంపైర్ విండ్‌రష్ ఓడకు 28 పౌన్ల 10 షిల్లింగుల టికెట్టు. ఇంట్లో మూడు ఆవుల్ని అమ్మి పంపించారు. ఉన్న ఎకరం అమ్మి కొడుకును పైచదువుకు పంపిన తండ్రులు మనలోనూ ఉన్నారు. అందుకే ఆ మాట చదివినప్పుడు నాకు మా నాన్నగారు గుర్తొచ్చారు.

1948 జూన్ 22న టిల్బరీ రేవులో దిగారు. 1950లో అన్నదమ్ములిద్దరూ కలిసి లండన్‌లోని కాంబర్‌వెల్‌లో ఇల్లు కొందామని అప్పు అడిగితే, జమైకా తిరిగి వెళ్ళమని జవాబు వచ్చింది. యుద్ధంలో ఈ దేశపు విమానాలు బాగుచేసిన మనిషికి వచ్చిన ఉత్తరమది! దాన్ని ఆయన ఇంటి యజమానికి చూపించారు. చదివి నొచ్చుకున్న ఆ యజమాని తానే అప్పు ఇచ్చారు. ఆ రోజుల్లో జమైకా వాళ్ళు ‘పార్డ్‌నర్’ అనే పద్ధతిలో డబ్బు పోగుచేసి ఇళ్ళు కొనుక్కున్నారు. అది అచ్చం మన చీటీల లాంటిదే.

తరవాత ఆయన తపాలా శాఖలో 34 ఏళ్ళు పనిచేశారు. 1983లో సదర్క్ మేయర్ అయ్యారు. బెదిరింపులు వచ్చినా వెనక్కి తగ్గలేదు. 1998లో స్వయంగా తన జీవిత కథ రాశారు. 2016లో కన్నుమూశారు.

ఆ తరవాత రెండేళ్ళకు, 2018లో, ఒక సంగతి బయటపడింది. ఆ తరం వారిలో, వారి పిల్లల్లో ఎందరో చట్టప్రకారం ఇక్కడే దశాబ్దాలుగా ఉన్నా, రుజువు చేసే కాగితాలు లేక ఉద్యోగాలు, వైద్యం పోగొట్టుకున్నారు. కొందరిని దేశం నుంచి పంపించేశారు కూడా. వారు వచ్చినప్పటి ల్యాండింగ్ కార్డులను ప్రభుత్వమే 2010లో నాశనం చేసింది.

అందుకే నాదొక మనవి. మన ఇళ్ళల్లో ఉన్న మొదటి తరం పెద్దల దగ్గర కూర్చోండి. ఏ ఏడు వచ్చారు, ఏం పని చేశారు, ఎవరు గది ఇచ్చారు, ఎవరు కాదన్నారు అన్నీ అడిగి రాసిపెట్టండి. పాత పాస్‌పోర్టులు, జీతం చీటీలు పారేయకండి. డాక్టర్ల కథలే కాదు, మెకానిక్కుల, వంటవాళ్ళ కథలు కూడా రాయండి. మన కథ భద్రపరచుకోవలసింది ముందు మనమే.