తడి తెలియనివ్వని ప్యాడు: లోపలి సంగతులు
(మహిళా సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు మేము మాట్లాడబోయేది సభల్లో ఎవరూ ఎత్తని విషయం. ఆడపిల్లలు నెలసరిలో వాడే ప్యాడ్లు, చంటిపిల్లలకూ మంచాన పడిన పెద్దలకూ కట్టే డైపర్ల సంగతి. సిగ్గుపడి ఊరుకుంటే నష్టపోయేది మన ఇంటివాళ్ళే. మరక కనిపిస్తుందేమోనని పిల్ల బడి మానేస్తుంది. పక్క తడుస్తుందేమోనని నానీమా మంచినీళ్ళు తాగడం తగ్గించేస్తుంది. నీళ్ళు తగ్గితే మూత్రం చిక్కబడి మంట మొదలవుతుంది. తడిలోనే పడుకుంటే చర్మం నాని పుండ్లు పడతాయి.

ప్యాడు ఎంత మందంగా ఉంటే అంత మంచిదని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. తడిని ఆపేది మందం కాదు, లోపలి పొరల అమరిక.

మంచి ప్యాడులో సాధారణంగా 4 పొరలుంటాయి. ఒంటికి తగిలే పై పొర తడిని తనలో ఉంచుకోదు, కిందికి వదిలేస్తుంది. రెండోది ఒక్కచోట పడిన తడిని నిడివిగా పరుస్తుంది. మూడోది అసలు పొట్ట. అందులో కర్రగుజ్జు, సోడియం పాలీయాక్రిలేట్ అనే పొడి కలిసి ఉంటాయి. అడుగున నీరు దాటని ప్లాస్టిక్ పొర.

ఆ పొడి చూడ్డానికి పంచదార పలుకుల్లా ఉంటుంది. ఉత్త నీటినైతే తన బరువుకు కొన్ని వందల రెట్లు పీల్చి గంజిముద్దలా ఉబ్బుతుంది. మూత్రంలో ఉప్పు ఉంది గనక అక్కడ సుమారు 30 నుంచి 50 రెట్లే. గుడ్డ పీల్చిన నీరు నొక్కితే బయటికొస్తుంది. ఈ ముద్ద అంత సులువుగా వదలదు. అలాగని పొడి ఒకేచోట కుక్కినా లాభం లేదు. ఉబ్బిన ముద్దే దారికి అడ్డుపడి తడి పక్కలకు కారిపోతుంది. దారి తెరిచి ఉంచడానికే కర్రగుజ్జు. నెత్తురు చిక్కనిది, ఆ పొడి దాన్ని నెమ్మదిగా పీలుస్తుంది. అందుకే నెలసరి ప్యాడ్లలో పై రెండు పొరలూ మరీ ముఖ్యం.

ఇదంతా ఒక్కరోజులో వచ్చింది కాదు. అమెరికాలో మారియన్ డొనోవన్ అనే తల్లి 1951లో నీరు దాటని డైపరు తొడుగుకు పేటెంటు పొందారు. పక్క తడవడం ఆగింది గాని, లోపల పిల్లకు తడి తప్పలేదు. పీల్చుకునే పొడిని 1978లో జపానులో నెలసరి ప్యాడ్లలో వాడారు, తర్వాత డైపర్లలోకి వచ్చింది. మన పొరుగున కోయంబత్తూరులో అరుణాచలం మురుగానందం దూదితో ప్యాడ్లు చేసి చూశారు, అవి నిలవలేదు. కావలసింది కర్రగుజ్జు అని తెలుసుకుని చవకైన యంత్రం తయారుచేశారు. 2016లో పద్మశ్రీ అందుకున్నారు.

కొనేముందు ఇంట్లోనే పరీక్షించవచ్చు. లీటరు నీటిలో 9 గ్రాముల ఉప్పు కరిగించండి. డైపరయితే అర టీగ్లాసు, నెలసరి ప్యాడయితే 2 చిన్న చెంచాలు మధ్యలో పోయండి. 5 నిమిషాలయ్యాక పైన తెల్లకాగితం పెట్టి అరచేత్తో గట్టిగా నొక్కండి. కాగితం ఎంత తక్కువ తడిస్తే సరుకు అంత మంచిది. ధర చూసి గాని, లావు చూసి గాని నిర్ణయించకండి.

అయితే ఎంత మంచి ప్యాడైనా మార్చక తప్పదు. నెలసరిలో 4 నుంచి 6 గంటలకొకసారి మార్చాలి. పెద్దవాళ్ళకు విరేచనమైతే వెంటనే శుభ్రం చేయాలి. సైజు వదులైతే తొడల పక్కనుంచి కారుతుంది, బిగువైతే చర్మం ఒరుసుకుంటుంది. గుడ్డలు వాడేవాళ్ళు సబ్బుతో ఉతికి మంచి ఎండలో ఆరేయండి, చాటున ఆరేయవద్దు. వాడిన ప్యాడు కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేయండి. పాయిఖానాలో వేస్తే అక్కడా ఉబ్బి గొట్టం మూసుకుపోతుంది.

చివరిగా మగవాళ్ళకు ఒక మనవి. నెల సరుకుల చీటీలో బియ్యం, పప్పుతో పాటు ఇవీ రాయండి. ఇంట్లో ఆడపిల్ల అడగలేక ఆగిపోకూడదు, మంచం మీది పెద్దలు దాహం చంపుకోకూడదు.