షిప్‌కి ప్రమాదం జరిగితే విచారణ ఎవరు చేస్తారు? | వైజాగ్ నుంచి రెండు ఉదాహరణలు

తెన్నేటి పార్క్ దగ్గర ఒడ్డుకొచ్చి ఆగిపోయిన షిప్ గుర్తుందా? 2020 అక్టోబర్ 13 తెల్లవారుజామున, వాయుగుండం గాలులకి లంగరు పట్టు తప్పి కొట్టుకొచ్చింది. పేరు ఎంవీ మా, బంగ్లాదేశ్ షిప్. అందులో ఉన్న 15 మంది సేఫ్. ఆ తర్వాత వైజాగ్ మొత్తం అక్కడే సెల్ఫీలు దిగింది.

అయితే ఈ ఎపిసోడ్‌లో సెల్ఫీల గురించి కాదు, ఒక ప్రశ్న గురించి మాట్లాడుకుందాం. షిప్ బంగ్లాదేశ్‌ది, ఒడ్డు మనది. మరి విచారణ ఎవరు చేయాలి?

అప్పుడు అమల్లో ఉన్నది 1958 నాటి మర్చంట్ షిప్పింగ్ చట్టం. అందులో 358వ సెక్షన్ ఏం చెబుతుందంటే, భారత తీరంలో గానీ తీరానికి దగ్గర్లో గానీ ఏ షిప్ అయినా మునిగినా, ఒడ్డుకి ఎక్కినా, సిబ్బంది వదిలేసినా, బాగా దెబ్బతిన్నా అది 'షిప్పింగ్ క్యాజువల్టీ'. "ఏ షిప్ అయినా" అన్న మాట గమనించండి. జెండా ఏ దేశానిదైనా సరే, మన ఒడ్డున జరిగితే మన అధికారి అడగొచ్చు. షిప్ రిజిస్టర్ అయిన దేశానికి కూడా ఇందులో బాధ్యత ఉంటుంది.

ఇక రెండో ఉదాహరణ. 2019 ఆగస్టు 12న వైజాగ్ తీరానికి దగ్గర్లో కోస్టల్ జాగ్వార్ అనే సపోర్ట్ షిప్‌లో మంటలు లేచాయి. అందులో 29 మంది ఉన్నారు. ప్రాణాలు దక్కించుకోవడానికి సముద్రంలోకి దూకేశారు. కోస్ట్ గార్డ్ షిప్ రాణి రాష్మొణి వెళ్లి కాపాడింది. 28 మందిని బయటికి తీశారు, ఒకరు గల్లంతయ్యారు. షిప్ మీద ప్రమాదంలో ప్రాణం పోతే అది కూడా ఇదే సెక్షన్ కిందకి వస్తుంది.

సరే, విచారణ ఎలా నడుస్తుంది? ముందు కెప్టెన్ లాంటి బాధ్యులు వెంటనే సమాచారం ఇవ్వాలి. తర్వాత ప్రిలిమినరీ ఎంక్వైరీ. ముంబైలో ఉన్న డైరెక్టర్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ కింద మర్కంటైల్ మెరైన్ డిపార్ట్‌మెంట్ ఆఫీసులుంటాయి, వైజాగ్‌లో కూడా ఒకటుంది. అక్కడి సర్వేయర్లు షిప్ ఎక్కి చూస్తారు, లాగ్ బుక్ అడుగుతారు, సిబ్బందితో మాట్లాడతారు. విషయం పెద్దదైతే మేజిస్ట్రేట్ కోర్టులో ఫార్మల్ ఇన్వెస్టిగేషన్. సముద్రం పని తెలిసిన అసెసర్లు మేజిస్ట్రేట్ పక్కన కూర్చుంటారు. ఎందుకంటే లంగరు ఎందుకు జారిందో లా పుస్తకం చదివితే తెలీదు కదా.

తప్పు కెప్టెన్‌దో ఇంజనీర్‌దో అని తేలితే కోర్టు వాళ్ల సర్టిఫికెట్ సస్పెండ్ చేయొచ్చు, రద్దు కూడా చేయొచ్చు. అంటే ఆ మనిషి బతుకుదెరువు పోయినట్టే. అందుకే ఆరోపణ ఏంటో ముందే కాపీ ఇవ్వాలి, తన వాదన చెప్పుకునే అవకాశం ఇవ్వాలి అని చట్టంలోనే రాశారు.

ఇప్పుడు అసలు పాయింట్. ఇది శిక్ష కోసం జరిగే విచారణ. దీనికి పక్కనే ఇంకో రకం ఉంది. అంతర్జాతీయ సముద్ర సంస్థ ఐఎంవో తెచ్చిన క్యాజువల్టీ ఇన్వెస్టిగేషన్ కోడ్ 2010 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. దాని లక్ష్యం ఎవరి మీదా తప్పు మోపడం కాదు, మళ్లీ అలా జరగకుండా చూడటం. మనిషి చనిపోయినా, షిప్ పూర్తిగా పోయినా ఈ దర్యాప్తు తప్పనిసరి.

ఈ తేడా ఎందుకు ముఖ్యం? "నిజం చెబితే నా ఉద్యోగం పోతుంది" అనుకునేవాడు నిజం చెప్పడు. చెప్పకపోతే అదే లోపం రేపు ఇంకో షిప్‌లో ఇంకొకరిని చంపుతుంది. అందుకే సేఫ్టీ దర్యాప్తులో సాక్ష్యం అడిగేముందు, అది ఏ రకం విచారణో నావికుడికి చెప్పాలి. తన మాటలు తర్వాత తన మీదకే వచ్చే ప్రమాదం ఉందా, మౌనంగా ఉండే హక్కు ఉందా అన్న దానిపై లాయర్ సలహా అందాలి. వీలైనంత త్వరగా మాట తీసుకుని ఇంటికి పంపాలి.

2025 ఆగస్టులో పార్లమెంటు పాత చట్టం స్థానంలో కొత్త మర్చంట్ షిప్పింగ్ చట్టాన్ని ఆమోదించింది. కాబట్టి సెక్షన్ నంబర్లు బట్టీ పట్టకండి, పద్ధతి గుర్తుపెట్టుకోండి.

మీ అన్నయ్యో, బావో, ఫ్రెండో షిప్‌లో పనిచేస్తుంటే ఈ మూడు మాటలు చెప్పండి. ఏ విచారణో అడిగి తెలుసుకో. చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకు. చూసిందే చెప్పు, ఊహించింది కలపకు.