ఒకే చందా, రెండు వసూళ్లు

తెనాలిలో పెండ్లి ఫొటోలు తీయువారును, బాపట్లలో ఫ్లెక్సీలు ముద్రించువారును, రేపల్లెలో దుకాణముల లెక్కలు వ్రాయువారును నేడు ఒక క్రొత్త రకపు చందాదారులైనారు. వారపత్రికకు కట్టినట్లు కంప్యూటరులోని పనిముట్టుకు నెలనెలా చందా కట్టుచున్నారు. పూర్వము సాఫ్ట్‌వేరును ఒక్కసారి కొని, డబ్బాలో వచ్చిన డిస్కును బీరువాలో దాచుకొనెడివారు. అడోబ్ సంస్థ 2013లో చందా పద్ధతికి మారినది. పిమ్మట చిన్న సంస్థలు సైతము ఆ త్రోవనే పట్టినవి. ఇప్పుడు మనము కొనుట లేదు, అద్దెకు తెచ్చుకొనుచున్నాము. ఆ అద్దె నెలకు రెండుమారులు వసూలైనచో ఏమి చేయవలెనన్నదే ఈనాటి నా ప్రసంగ విషయము.

తెనాలిలో నాకు వరుసకు తమ్ముడైన ఒక ఫొటోగ్రాఫరు కలడు. అతని కథను అతని యనుమతితోనే చెప్పుచున్నాను. పెండ్లి ఆల్బములు అమర్చుటకు అతడు ఒక చిన్న సంస్థవారి సాఫ్ట్‌వేరు వాడును. దాని పేరు మనకిక్కడ అవసరము లేదు. నెలకు 850 రూపాయలు. ఐదు నెలలుగా అది రెండుమారులు పోవుచున్నదని అతడు ఆలస్యముగా గుర్తించెను. గుర్తించినవెంటనే అతని యనుమానము సంస్థపైకి పోలేదు. రేపల్లె నుండి ఉదయపు బండిలో వచ్చి పనిచేయు సహాయకునిపైకి పోయినది.

“దుకాణం ఫోన్లు, పాస్‌వర్డులు అన్నీ వాడి చేతిలోనే ఉంటాయి అన్నయ్యా. ఇంకెవరికో ఇచ్చి ఉంటాడు. ఒకటో తారీకు నుంచి రావద్దని చెప్పేస్తాను” అన్నాడు.

“చెప్పుదువుగాని, ముందు కాగితాలు తియ్యి” అంటిని.

బ్యాంకు స్టేట్‌మెంటు ముందు పెట్టుకొని కూర్చుంటిమి. చూడవలసినది మొత్తమును కాదు, తేదీని. ఒక వసూలు ప్రతి నెల 3వ తేదీన, కార్డుపైన జరిగినది. రెండవది 17వ తేదీన, యూపీఐ ఆటోపే ద్వారా జరిగినది. ఒకే లావాదేవీ పొరపాటున రెండుమారులు నడచినచో రెండును నిమిషముల తేడాతో, ఒకే మార్గమున ఉండును. తేదీలు వేరై, మార్గములు వేరై, నెలనెలా అదే వరుస సాగినదన్నచో చందాలే రెండున్నవన్నమాట. కరణాల వ్యవస్థ 1984లో రద్దయినది గాని, ఆ లెక్కలు చూచిన పెద్దలకు ఇది వెంటనే బోధపడును. రైతు ఒక్కడే, ఖాతాలు రెండు. యంత్రమునకు మనిషి తెలియదు, ఖాతాయే తెలియును.

రెండవ ఖాతా ఎవరిది? ఈమెయిలు పెట్టెలు వెదకితిమి. దుకాణపు మెయిలులో 3వ తేదీ రసీదులు వరుసగా నున్నవి. 17వ తేదీవి అందులో లేవు. చివరకు అవి తమ్ముని పాత మెయిలులో దొరకినవి. అప్పుడతనికి జ్ఞాపకము వచ్చినది. సూర్యలంక సముద్రతీరమున ఒక జంటకు ఫొటోలు తీయుచుండగా పాస్‌వర్డు గుర్తురాక, తానే ఫోనులోని యాప్ స్టోరు నుండి క్రొత్త ఖాతా తెరచినాడు. ఏడు దినములు ఉచితమన్నారు. పని ముగిసినపిమ్మట యాప్‌ను ఫోనులోనుండి తీసివేసినాడు. యాప్‌ను తీసివేసినంతమాత్రమున చందా ఆగదు. ఇంటికి తాళము వేసి ఊరికి పోయినచో అద్దె ఆగునా?

తమ్ముడు కొంతసేపు మాటలాడలేదు.

వసూలుకు ముందు తెలియజేయరా యని మీరడుగవచ్చును. తెలియజేయుదురు. రిజర్వు బ్యాంకు నిబంధనలననుసరించి కార్డులపై ఇట్టి వసూళ్లకు 2021 అక్టోబరు 1 నుండి కనీసము 24 గంటల ముందుగా సందేశము పంపవలెను. ఆటోపేలోను ముందస్తు సందేశము వచ్చును. తొలిసారి మన యామోదము తీసుకొన్న తరువాత, సాధారణ చందాలలో 15,000 రూపాయల వరకు ప్రతిమారు పిన్ను అడుగరు. కనుక ఆ సందేశమే మనకున్న కాపలా. పెండ్లి ముహూర్తముల నెలలో దానిని చదువు తీరిక ఎవరికున్నదో నాకు తెలియదు.

ఇక వేరొక తెగ కలదు. చెల్లించుచుండగా కరెంటు పోయెను, లేదా సిగ్నలు పోయెను. డబ్బు పోయినదో లేదో తెలియక మరల నొక్కితిమి. ఇట్లు రెండుమారులు పోయినట్లు కనబడినప్పుడు కొంచెము ఆగవలెను. కార్డులో ఒకటి కేవలము నిలుపుదల మాత్రమే అయి, కొలది దినములలో దానంతటదే తొలగవచ్చును. యూపీఐలో దుకాణదారునికి చేరక మన ఖాతాలో మాత్రము తగ్గిన మొత్తమును, 2019 సెప్టెంబరు నాటి రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ప్రకారము, ఐదు దినములలో తిరిగి వేయవలెను. ఆపైన ఆలస్యమునకు దినమునకు 100 రూపాయల పరిహారము కలదు. రెండును నిజముగా సంస్థకు చేరినచో మాత్రము సంస్థకే వ్రాయవలెను.

వ్రాయుట యన్నచో తిట్టుట కాదు. రెండు వసూళ్ల తేదీలు, మొత్తములు, రసీదు సంఖ్యలు, యూపీఐ లావాదేవీకి బ్యాంకు ఇచ్చు పండ్రెండంకెల సంఖ్య, రెండు ఈమెయిలు చిరునామాలు వ్రాసి, ఏ ఖాతా ఉంచవలెనో, ఏది మూసి ఏ సొమ్ము తిరిగి ఈయవలెనో స్పష్టముగా అడుగవలెను. కార్డు పూర్తి సంఖ్యను గాని, ఓటీపీని గాని, పిన్నును గాని వ్రాయరాదు. యాప్ స్టోరు ద్వారా కట్టినచో సాధారణముగా సొమ్ము తిరిగి ఇచ్చునది ఆ స్టోరే. సాఫ్ట్‌వేరు చేసినవారికి ఎన్ని ఉత్తరములు వ్రాసినను వారు అటువైపే వ్రేలు చూపుదురు. మావాడు మొదటి వారము అట్లే గడిపినాడు.

అంతకంటె పెద్ద ప్రమాదము తప్పినది. సహాయ కేంద్రపు నంబరును ఇంటర్నెట్టులో వెదకగా ఎవరో పలికి, డబ్బు వాపసు వేయుటకు యూపీఐ పిన్ను నొక్కమన్నారట. డబ్బు పుచ్చుకొనుటకు పిన్ను ఎన్నడును అవసరము లేదు. అతడు నాకు ఫోను చేసి అడిగినాడు గనుక సరిపోయినది. అట్టివారికి చిక్కినవారు వెంటనే 1930కి ఫోను చేయవలెను.

ఖాతా మూయుటకు ముందు అందులో ఏమున్నదో చూడుడు. మా తమ్ముని రెండవ ఖాతాలో, ఇంకను ముద్రణకు పోని మూడు పెండ్లిండ్ల ఆల్బములుండెను. వాటిని దింపుకొని, పిమ్మట స్టోరులో చందా రద్దుచేసి, ఆపైన యూపీఐ యాప్‌లోని ఆటోపే అనుమతిని కూడ తీసివేసితిమి. ఈ వరుస తప్పినచో, డబ్బు ఆగును గాని బాకీ నిలుచును.

సంస్థ వినకున్నచో బ్యాంకును అడుగవచ్చును. అయితే అక్కడ “ఇది నేను చేయలేదు” అనరాదు. మనమే తెరచిన ఖాతాను దొంగ లావాదేవీ యనుట అబద్ధమగును. రెండుమారులు వసూలైనదని ఉన్నదున్నట్లు చెప్పవలెను. బ్యాంకు తప్పువలన, దానికి వ్రాసినను 30 దినములలో పరిష్కారము రాకున్నచో, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ కలడు. సంస్థపై ఫిర్యాదునకు వినియోగదారుల సహాయ సంఖ్య 1915. 2020 జులైలో అమలులోనికి వచ్చిన క్రొత్త చట్టమువలన వినియోగదారుడు తాను నివసించు జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చును. సంస్థ కాలిఫోర్నియాలో ఉన్నదని తెనాలివాడు జంకనక్కరలేదు.

స్టోరువారు రెండు నెలల సొమ్ము 1,700 రూపాయలు తిరిగి ఇచ్చినారు. తక్కిన మూడు నెలలది ఈయలేదు. తప్పు తనదే గనుక తమ్ముడు పట్టుపట్టలేదు. మరుసటి నెల 3వ తేదీన ఒక వసూలు జరిగినది. 17వ తేదీ దాటువరకు వేచి చూచితిమి. రెండవది రాలేదు.

ఆ సాయంకాలము తమ్ముడు తన యనుమానము సంగతి సహాయకునితో తానే చెప్పివేసినాడట.

“నాకు తెలుసు సార్. అందుకేగా ఆ నెలంతా కౌంటరు తాళం నాకివ్వలేదు” అన్నాడట ఆ కుఱ్ఱవాడు.