విమానసంస్థల విలీనములు – ఉద్యోగుల గతి
(ఒక పఠనమందిరమున చేసిన ప్రసంగము)



విమానసంస్థలు నష్టపడినప్పుడెల్ల మన పత్రికలలో ఒక మందు పేరు వినవచ్చును: విలీనము. రెండు కంపెనీలను కలిపినచో ఖర్చు తగ్గుననియు, పోటీ సన్నగిల్లి టిక్కెట్టు ధర నిలుచుననియు, ఆ బలముతో చెడుకాలము గడచుననియు చెప్పుదురు. ఈ మందు మనదేశమున ముఖ్యముగా మూడుమారులు వాడబడినది. ఏ రోగికి నయమైనదో విచారింపదలచితిని. నేను వకీలునే గాని వర్తకుడను గాను. లాభనష్టములకంటె హక్కులను గూర్చి ఎక్కువగా చెప్పినచో మన్నింపుడు.

రెండవ ప్రపంచయుద్ధానంతరము సైన్యము విడిచిన డకోటా విమానములు చవుకగా దొరకెను. కొన్నవారు కంపెనీలు పెట్టిరి, ప్రభుత్వము లైసెన్సులిచ్చెను, అన్ని విమానములను నింపుటకు చాలునంతమంది ప్రయాణికులు మాత్రము లేకపోయిరి. 1950లో న్యాయమూర్తి రాజాధ్యక్షగారి విచారణసంఘము అవసరమునకు మించి కంపెనీలున్నవని తేల్చెను. 1953 ఆగష్టు 1వ తేదీన ఎనిమిది కంపెనీలను కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్సు కార్పొరేషనును స్థాపించిరి. మన బేగంపేటనుండి నడచిన దక్కన్ ఎయిర్‌వేసు, అనగా 1945లో నిజాము రైల్వేయు టాటాలును కలిసి పెట్టిన సంస్థ, ఆ యెనిమిదింటిలో నొకటి. జె.ఆర్.డి. టాటాగారు ఈ జాతీయకరణమును నిరసించిరి. ఆయన వాదము నిస్సారమైనది కాదు. ఐనను ఆ కలయికకొక గుణముండెను. ఉద్యోగుల సంగతి ఆ చట్టములోనే వ్రాయబడెను.

రెండవమారు 2007లో. ఆ యేట జెట్ ఎయిర్‌వేసు 1,450 కోట్ల రూపాయలకు ఎయిర్ సహారాను కొనెను. కింగ్‌ఫిషరు సంస్థ ఎయిర్ దక్కన్‌లో వాటా కొని, పిదప దానిని తనలో కలుపుకొనెను. ప్రభుత్వమును వెనుకబడలేదు, ఎయిర్ ఇండియాను, ఇండియన్ ఎయిర్‌లైన్సును ఒక్కటి చేసెను. మరుసటి జూలైలో ముడిచమురు పీపా ధర 147 డాలర్లకెక్కెను; వెంటనే ప్రపంచమాంద్యము వచ్చిపడెను.

ఇక్కడ వ్యాపారపు మర్మమొకటి గ్రహింపవలెను. విమానపు సీటు నిలువయుంచు సరకు కాదు. ఖాళీగా లేచిన సీటు ధర శాశ్వతముగా పోయినట్లే. విమానముల అద్దెయు చమురు ధరయు డాలర్లతో ముడివడియుండును. టిక్కెట్టు రూపాయలలో అమ్ముదురు. ఇద్దరు అప్పులవాండ్రు ఒక యింట చేరినంతమాత్రమున ఈ చిక్కు తీరునా? చౌకటిక్కెట్టు వెదకువానికి వెలసిన ఎయిర్ దక్కన్‌ను విలాసమునకు పేరొందిన కింగ్‌ఫిషరు మ్రింగెను. 2012 అక్టోబరులో కింగ్‌ఫిషరే నేలబడెను. 2019 ఏప్రిల్ 17న జెట్ విమానములు ఆగిపోయెను. ఎయిర్ ఇండియాలో పేరు కలిసెను గాని మనుష్యులు కలియలేదు. కొత్త డ్రీమ్‌లైనరులపై శిక్షణ ఏ వర్గమువారికను తగవుతో 2012లో పైలట్లు రెండునెలలపాటు సమ్మెచేసిరి.

ఆ కాలముననే, 2006లో మొదలైన ఇండిగో ఎవరినీ కొనక, తొలియేండ్లలో ఒకే తరగతి విమానములు నడపి నిలిచెను. మెచ్చదగినదే. కాని నూటికి అరువదిమందికి పైగా ప్రయాణికులు ఒక్క సంస్థ చేతిలో నుండుట క్షేమము కాదు. పైలట్ల విశ్రాంతినిబంధనలు మారిన పిమ్మట, 2025 డిసెంబరులో ఆ సంస్థ వేలకొలది ప్రయాణములు రద్దుచేసినప్పుడు దేశమంతయు స్తంభించిన సంగతి మీరెరుగుదురు.

మూడవమారు టాటాలది. 2022 జనవరిలో ఎయిర్ ఇండియా వారి చేతికి తిరిగివచ్చెను. 2024 నవంబరు 12న విస్తారా దానిలో కలిసెను. ఇది గట్టి పెట్టుబడి గలవారు చేసిన కలయిక. మునుగుచున్న ఇద్దరు ఒకరినొకరు పట్టుకొనుట కాదు. దీని ఫలమును నిర్ణయించుటకు ఇంకను కాలము చాలదు.

ఇక చట్టము మాట. 2016 నాటి దివాలాస్మృతి ప్రకారము పంపకమున కార్మికుల ఇరువదినాలుగు మాసముల బకాయి హామీగల ఋణదాతలతో సమానముగా నిలుచును. ఇతర ఉద్యోగుల పండ్రెండు మాసముల బకాయి వారి తరువాత. 2023 మేలో గో ఫస్టు ఆగినపుడు విమానముల యజమానులు తమ విమానములకై కోర్టుల చుట్టు తిరిగిరి. ఆ యక్టోబరులోనే ప్రభుత్వము విమానములను దివాలా నిలుపుదలనుండి మినహాయించెను; 2025లో పార్లమెంటు వేరుగా చట్టమును చేసెను. దీనిని నేనాక్షేపింపను. ఆ భరోసా లేక ఎవరును మనకు విమానములు సులభపుటద్దెకీయరు. విమానయజమాని కష్టము ఆరుమాసములలో విన్నవారు ఉద్యోగి కష్టమును ఎంతకాలమునకు వినిరి?

జెట్ ఉద్యోగుల ప్రావిడెంటు ఫండును, గ్రాట్యుయిటీని చెల్లింపవలెనను అప్పీలు ట్రిబ్యునలు తీర్పును 2023 జనవరిలో సుప్రీంకోర్టు నిలిపెను. గెలిచితిమని వారు సంతోషించిరి. సంస్థను నడపుటకు వచ్చినవారు షరతులు నెరవేర్పలేదు; 2024 నవంబరు 7న అదే న్యాయస్థానము కంపెనీని మూసి ఆస్తులమ్ముడని ఆజ్ఞాపించెను. ఈ నిధులు ఋణదాతల పంపకమునకు రావని స్మృతిలోని 36వ సెక్షను చెప్పుచున్నది. నిధి యున్నచోట ఆ రక్షణ మంచిదే. యజమాని సొమ్ము జమచేయకయే యుండినచో రక్షింపబడునదేమి?

కాబట్టి నా కోరిక చిన్నది. ఏ విలీనపు దరఖాస్తు ట్రిబ్యునలు ముందుకు వచ్చినను, జీతపు బకాయిలు లేవనియు, ఫండు సొమ్ము జమయైనదనియు ధ్రువపత్రము చూపనిదే అనుమతి యీయరాదు. ఈ మేరకు మన పార్లమెంటు సభ్యునకు వ్రాసిన అర్జీ ఈ బల్లమీద నున్నది. చదివి, సమ్మతమైనవారు సంతకము చేయుడు.