సంస్థానపు రూకలు - ప్రక్కకు పడిన ముద్రలు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతపు పాత యిండ్లలో పెట్టె యడుగున మూటగట్టిన వెండి బిళ్ళలను మీలో పెక్కురు చూచియే యుందురు. అంచు గుండ్రముగ నుండదు. అక్షరములు ఒక ప్రక్కకు ఒరిగి, సగము బిళ్ళ వెలుపలికి జారిపోయినట్లు కనబడును. ఇది దొంగముద్రయని తలచి కంసాలి మూసలో వేయించిన వారిని నేనెరుగుదును. వారు పొరబడిరి.

నిజాము రాజ్యమున గద్వాల సంస్థానమునకు స్వంత నాణెముండెడిది. అది రాయచూరు సీమలో చిరకాలము చెల్లినది. ఆ కాలపు టంకసాలలలో పని యంతయు చేతిపనియే. వెండిని కరగించి, తూకమునకు సరిపడు బిళ్ళను క్రింది యచ్చుపై నుంచి, పై యచ్చును చేతబట్టి సమ్మెటతో కొట్టెడివారు. బిళ్ళ కదలకుండ చుట్టును పట్టియుంచు కట్టు లేదు. అంతకంటె ముఖ్యమైన మాట, అచ్చు బిళ్ళకంటె వెడల్పు. కావున నెంత నేర్పరి కొట్టినను అచ్చులోని ఫారసీ వ్రాత యంతయు బిళ్ళపై పడుట యసాధ్యము.

టంకసాలవారు దీనిని లోపముగ నెంచలేదు. రూపాయి వెల దాని వెండిలో నున్నది గదా! షరాబు దానిని తూచును, మ్రోగించును, అనుమానమున్నచో గంటుపెట్టి చూచును. ముద్ర నడుమ పడినదా లేదా యని యడుగడు. మీర్ మహబూబు అలీఖాను (1869-1911) ప్రభుత్వపు కడపటి యేండ్లలో హైదరాబాదున యంత్రముపై చార్మినారు బొమ్మ రూపాయి వెలువడినది. ఆ తీరైన బొమ్మకు కన్నులలవాటు పడిన పిదప పాతబిళ్ళ మనకు వంకరగా తోచినది.

నేటి సేకర్తలు టంకసాల పేరు పూర్తిగ పడిన బిళ్ళకు హెచ్చు వెల నిత్తురు. తక్కినవానిని చులకన చేయుదురు. నాకిది సమ్మతము కాదు. ఒకే యచ్చున కొట్టిన బిళ్ళలలో నొకదానిపై ఎడమభాగము, వేరొకదానిపై కుడిభాగము నిలిచియుండును. వానిని ప్రక్కప్రక్కన నుంచినచో పాలకుని పేరు, సంవత్సరము, ఊరు చదువవచ్చును. ఒక్కటి కరిగిన నా వాక్యమున నొక మాట పోవును.

కావున అన్నదమ్ములు పంచుకొనుటకు ముందు ప్రతి బిళ్ళపైనను పలుచని కాగితముంచి సీసపుకడ్డీతో మెల్లగ రుద్ది, రెండు వైపుల ముద్రలు దింపుకొనుడు. ప్రక్కన తూకము వ్రాయుడు. చింతపండుతో, బూడిదతో తోమకుడు. అరిగిన యక్షరము మరల రాదు. పొలమున దున్నునపుడు పాతర దొరకినచో 1878 నాటి నిక్షేపముల చట్టమున్నది. మూట విప్పి పంచక, దొరకినది దొరకినట్లు కలెక్టరునకు తెలుపుడు.