నిండు నెలల్లో తలనొప్పి

ఎనిమిదో నెల గర్భిణి తలనొప్పి అంటే నుదుటికి బామ్ రాసి కాసేపు పడుకోమంటాం. కానీ ముందు చూడాల్సింది బీపీ. ఇరవై వారాలు దాటాక అది 140/90కి చేరితే డాక్టరుకు చూపించాలి. 160/110 అయితే ఆ పూటే ఆసుపత్రిలో చేరాలి.

బీపీ మరీ పెరిగితే మెదడులోని సన్నటి రక్తనాళాల నుంచి నీరు ఊరి వాపు వస్తుంది. ఈ వాపు ఎక్కువగా తల వెనుక భాగంలో, చూపును నడిపించే చోట వస్తుంది. అందుకే కళ్లు మసకబారడం, మెరుపులు కనిపించడం. తర్వాత ఫిట్స్ రావచ్చు. ఊళ్లలో గుర్రపువాతం అనేది దీన్నే. ఒక్కోసారి రక్తనాళం చిట్లి పక్షవాతమూ రావచ్చు.

ఈ ఫిట్స్‌కు మందు మెగ్నీషియం సల్ఫేట్, చవకైన ఇంజెక్షన్. దీన్ని ముందే ఇస్తే ఫిట్స్ ముప్పు సగానికి పైగా తగ్గుతుందని 2002లో వెలువడిన మాగ్పై అధ్యయనం తేల్చింది. మందు మోతాదు మించకుండా, మోకాలి కింద చిన్న సుత్తితో తట్టి కాలు ఎగురుతోందో లేదో చూస్తుంటారు.

ఫిట్స్ వస్తే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో నీళ్లు పోయకండి, చెంచా పెట్టకండి. చేతిలో తాళాలు పెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

కాన్పు అయిపోయిందని ధీమా పడకండి. ఆ తర్వాత కూడా ఫిట్స్ రావచ్చు. బాలింతకు తలనొప్పి వచ్చినా బీపీ చూపించండి.